పదకొండు నెలల ఇల్లు

చెన్నై రాయపురంలో మేముండే ఇంటికి ఒక పద్ధతి ఉండేది. పదకొండు నెలలకోసారి, అద్దెకున్న వాళ్ళందరూ ఒకే రోజున పోర్షన్లు మారాలి. ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు. ముందు పోర్షన్ వాళ్ళు వెనక్కి, వెనక వాళ్ళు మేడ మీదికి, మేడ మీది వాళ్ళు కిందికి దిగి ముందు పోర్షన్‌లోకి. అంతే. బయటివాళ్ళకి చెబితే నవ్వుతారు. నేను మాత్రం నవ్వను, ఎందుకంటే నా కుట్టుమిషన్ని ఆ సన్నటి ఇనప మెట్ల మీద ఎక్కించి దించిన నడుము నాదీ మా ఆయనదీ. నా పేరు ఇంద్రజ, జాకెట్లు కుడతాను. మా ఆయన రాజా, మాధవరం బస్టాండు దగ్గర టీ కొట్టు నడుపుతాడు.

ఈ పద్ధతి పెట్టిన మనిషి మా ఓనరమ్మ కన్యకమ్మ. డెబ్బై దాటినా ముక్కుపుడక మెరుస్తూనే ఉంటుంది, గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. ఇంటి మధ్యలో రెండు గదులు ఆవిడవి. ఆవిడ మాత్రం ఎక్కడికీ మారదు. బిడ్డలు లేరు, భర్త పోయి చాలాకాలమైంది. ఈ ఇల్లే ఆవిడకి మొగుడూ బిడ్డా అన్నీ.

చెడ్డ మనిషి కాదు, అది ముందే చెప్పాలి. మారే రోజున మూడు పోర్షన్లకీ పాలు ఆవిడే కొని తెచ్చేది. ఒక్కో పొయ్యి దగ్గరా నిలబడి, పాలు పొంగి గిన్నె అంచు దాటేదాకా కదిలేది కాదు. జ్వరమొస్తే మిరియాల చారు పంపేది. కానీ ఎవరి గదిలోకైనా తలుపు తట్టకుండా వచ్చేసేది. పిలుపు లేదు, అలికిడి లేదు. నేను జాకెట్ కొలతలు తీస్తుంటే వెనక నిలబడి ఉండేది. వచ్చి చూసేది గోడల్ని. గోడకి కొత్తగా ఒక మేకు కనిపించిందా, ఇక వారం రోజులు తిట్లు. భర్త బతికుండగా కొట్టిన మేకులకే క్యాలెండర్ గానీ, దేవుడి పటం గానీ తగిలించుకోవాలి.

ఈ పోర్షన్ల మార్పిడి ఎందుకో కూడా ఆవిడే చెప్పింది, ఒకసారి కాదు, వచ్చిన ప్రతి కొత్త మనిషికీ. ఆవిడ మామగారు జార్జిటౌనులో పప్పుల హోల్‌సేల్ వ్యాపారి. అక్కడ వాళ్ళకి రెండంతస్తుల ఇల్లుండేది. పై అంతస్తు ఒకాయనకి నోటిమాట మీద బాడుగకిచ్చారు. ఆయన దిగలేదు. కోర్టు కేసు నడిచింది, మామగారు పోయినా నడిచింది, కన్యకమ్మ క్యారియర్లో సాంబారన్నం కట్టుకుని భర్తతో కోర్టు వరండాలో కూర్చున్న రోజులకి లెక్క లేదు. చివరికి విసిగిపోయి ఆ ఇల్లు ఆ బాడుగ మనిషికే అడిగినంతకి ఇచ్చేశారు. వాయిదాలకి తిరిగే రోజుల్లో కోర్టు వరండాలో ఎవరో చెప్పారట, ఒక చోట పన్నెండు నెలలు నిండితే ఆ చోటు వాళ్ళకి హక్కయిపోతుందని. ఎవరు చెప్పారో ఆవిడకే గుర్తులేదు. ఎవర్నీ మళ్ళీ అడగలేదు. ఆ రోజునుంచి ఆవిడ కాగితం మీద సంతకం పెట్టలేదు, ఎవర్నీ ఒక గదిలో పన్నెండు నెలలు నిండనివ్వలేదు.

మేమూ అలవాటు పడిపోయాం. ఇంత తక్కువ బాడుగకి ఈ చుట్టుపక్కల ఇల్లెక్కడ దొరుకుతుంది? పైగా ఇందులో ఒక ఆశ కూడా ఉండేది. వెనక పోర్షన్‌కి సొంత స్నానాలగది, సొంత పంపు. ముందు పోర్షన్‌కి వీధి తలుపు. మేడ మీద ఏమీ లేదు, ఎండ తప్ప. కానీ ఎవరికి ఏది కావాలన్నా వంతు వచ్చేది.

పోయిన ఆగస్టులో జరిగిన మార్పిడిలో వెనక పోర్షన్ ఆనంద్‌రాజ్‌కి వచ్చింది. ఎన్నూరు నుంచి హార్బరుకి కంటైనర్ లారీలు తోలిన మనిషి. ఆ రోడ్డులో ఏ గుంత ఎక్కడుందో నిద్రలో అడిగినా చెప్పేవాడు. షుగరు కళ్ళలోకి దిగింది. సామాను వెనక్కి మోసుకొచ్చిన రోజున అతనికి మనుషులు మసకగా కనిపించేవాళ్ళు. దీపావళికి టపాకాయల వెలుగు తెలిసేది. క్రిస్మస్ నాటికి అదీ లేదు.

భార్య లూర్దుమేరి ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. తెల్లారకముందే వెళ్ళాలి, మధ్యాహ్నం పొద్దు వాలాక వస్తుంది. అంతసేపూ అతనొక్కడే. మొదట్లో మేం భయపడ్డాం. నేను మేడ మీంచి దిగి తొంగిచూసేదాన్ని. కొన్నాళ్ళకి చూస్తే అతనే కాఫీ పెట్టుకుంటున్నాడు, స్నానం చేస్తున్నాడు, పంపు దగ్గర బట్టలు ఉతికి దండెం మీద ఆరేస్తున్నాడు. గదిలో కూడా నడుమెత్తున ఎప్పుడూ బట్టలు వేలాడుతుండేవి. వానల్లో ఆరడానికి కాబోలు అనుకున్నాను.

మే నెలలో కన్యకమ్మ అందర్నీ పెరట్లోకి పిలిచింది.

“ఈసారి పదకొండు నెలలు నిండేది ఆడి మాసంలో. ఆడిలో ఇల్లు మారకూడదు. దానికి ముందర మనకి ఆషాఢం వస్తా ఉంది, అదీ పనికిరాదు. ఆగితే పన్నెండు నిండిపోతాది. కాబట్టి ఆషాఢం రాకముందే, జూన్‌లోనే మారిపోండి.”

తెలుగువాళ్ళ ఆషాఢం, అరవవాళ్ళ ఆడి రెండూ పాటించే మనిషి. ఏడాదిలో సగం రోజులు ఆవిడకి కుదరవు. ముందు పోర్షన్‌లో ఉన్న పొన్నుతాయి సంతోషం పట్టలేకపోయింది. ఆమె భర్త సెల్వం చేపల హార్బర్లో ఐసు దింపే పని చేస్తాడు, ఇద్దరు పిల్లలు. మూడో మనిషి బిందె పెట్టకుండా నీళ్ళు పట్టుకునే పంపు కోసం ఆమె ఎదురుచూస్తోంది. నేను వీధి తలుపు కోసం ఎదురుచూస్తున్నాను. జాకెట్ కుట్టించుకోడానికి ఇనప మెట్లెక్కి ఎవరొస్తారు? మేడ మీద ఉన్నన్నాళ్ళూ నా పని సగానికి పడిపోతుంది.

అందరం సంతోషపడ్డాం గానీ, వెనక పోర్షన్ వాళ్ళు వెళ్ళాల్సింది మేడ మీదికి. కళ్ళులేని మనిషి, ఇనప మెట్లు, స్నానానికి మళ్ళీ కిందికి దిగాలి. 

లూర్దుమేరి ఆ సాయంత్రమే కన్యకమ్మ గుమ్మం దగ్గర నిలబడింది.

“అమ్మా, ఈ ఒక్కసారికి మమ్మల్ని ఈడనే ఉండనీండి. ఆయన ఇప్పుడిప్పుడే ఈడ అలవాటు పడినాడు. పైకి పోతే ఒక్కడే ఉండలేడు. నేను పని మానేయాల. పని మానేస్తే మీకు బాడుగ యాడనించి ఇచ్చేది?”

“నేను నిన్ను పొమ్మంటా ఉండానా మేరీ? పైకి పొమ్మంటా ఉండా. ఒకరికి ఆపితే పన్నెండు నిండుతాది. మా మామ ఇల్లు పోయింది అట్టనే.”

“మేము అట్టాంటోళ్ళం కాదమ్మా.”

“ఆయనా అట్టాంటోడు కాదు, మొదట్లో.”

లూర్దుమేరి గుమ్మం దిగి వెనక పోర్షన్‌కి వెళ్ళిపోయింది. 

కన్యకమ్మ మరిది కొడుకు వెంకట్రామ్ ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాడు. ఆదివారాలు పెద్దమ్మని చూడ్డానికి వస్తాడు. లూర్దుమేరి అతన్ని పట్టుకుంది. అతను కాఫీ తాగుతూ విషయం ఎత్తాడు. నేను అక్కడే ఓనరమ్మ జాకెట్లకి హుక్కులు కుడుతున్నాను, చెవులు మాత్రం అటే.

“పెద్దమ్మా, నువ్వు చెప్పే పన్నెండు నెలల హక్కు ఏ చట్టంలోనూ లేదు. ఏడాదీ, అంతకు మించీ బాడుగకిస్తే ఆ కాగితాన్ని రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చెయ్యాల. ఆ ఖర్చు లేకుండా ఉండాలని జనం పదకొండు నెలలకి రాసుకుంటా వచ్చినారు. పదకొండు నెలలనేది కాగితానికి. నువ్వు మనుషుల్ని మోయిస్తా ఉండావు.”

“పోరా, నువ్వు పుట్టకముందు నేను కోర్టు చూసినా.”

“ఇప్పుడు కొత్త చట్టం వచ్చి చాన్నాళ్ళయింది. నోటిమాట బాడుగ పనికిరాదు. రాసుకోవాల, ఇద్దరూ సంతకం పెట్టాల, సర్కారు దగ్గర నమోదు చేసి నంబరు తెచ్చుకోవాల. ఎన్నాళ్ళని రాస్తే అన్నాళ్ళు. గడువు అయిపోతే వాళ్ళు దిగాల. దిగకుంటే ఆ కాగితమే నీకు సాక్ష్యం.”

“సంతకం పెట్టిన కాగితాలే గదరా కొంపలు ముంచేది!”

“తాత కొంప ముంచింది కాగితం కాదు పెద్దమ్మా. ఆడ కాగితమే లేదు గదా.”

కన్యకమ్మ ముఖం ఎర్రబడింది. అతని చేతిలోని గ్లాసు తీసుకుని లోపలికెళ్ళిపోయింది, సగం కాఫీ ఇంకా దాంట్లోనే ఉంది. మొండితనానికి కూడా ఒక హద్దుండాలి అని నాకు ఒళ్ళు మండింది. కానీ వంటింట్లో ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి ఉండటం నా చోటినుంచి కనిపించింది. ఆ మనిషికి కోపం కన్నా భయమే ఎక్కువని అప్పుడు తెలిసింది.

మారే రోజు వచ్చింది. పొద్దున్నే పొన్నుతాయి గిన్నెలన్నీ పెరట్లో, వెనక తలుపు పక్కన పేర్చేసింది. నేను బట్టల మూటలు దించాను. కన్యకమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, ఎప్పట్లాగే పిలవకుండా వెనక పోర్షన్‌లోకి వెళ్ళింది. లూర్దుమేరి హాస్టల్లో సెలవు పెట్టి అంతా సర్దేసింది. వాళ్ళ దిండ్లు పైకి మోసుకెళ్దామని నేను ఓనరమ్మ వెనకే వెళ్ళాను.

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

వేలాడే బట్టలన్నీ తీసేశారు కదా, గోడ బయటపడింది. మంచం దగ్గర మొదలై, గోడ పొడుగునా, వంటింటి గుమ్మం చుట్టి, స్నానాలగదికి, అక్కణ్ణించి పెరటి పంపు దాకా నడుమెత్తున ఒక కొబ్బరి తాడు. జానెడుకో మేకు. ఆ ఇంటి గోడలకి పుట్టినప్పటినుంచి అన్ని మేకులు పడి ఉండవు.

“ఎవురు కొట్టింది ఇన్ని మేకులు?”

లూర్దుమేరి తల వంచుకుంది. మంచం మీద కూర్చున్న ఆనంద్‌రాజ్ గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

“నేనేనమ్మా. మేరీకి చెప్పకుండా మొదలుపెట్టినా. మీరు బజారుకి పోయినప్పుడంతా తడిమి తడిమి కొట్టినా. సగం దెబ్బలు వేళ్ళ మీదనే పడినాయి. సున్నం కొంచెం రాలింది, మీరు చెప్తే పూస్తా.”

అతని ఒళ్ళో సుత్తి ఉంది. పక్కన డబ్బాలో వంకరలు సరిచేసిన మేకులు, చుట్ట చుట్టిన కొత్త తాడు. సామానంతా మూట కట్టినా అవి మాత్రం కట్టనివ్వలేదట.

“అదేందయ్యా, అవి యాడికి?”

“పైకమ్మా. పోయిన వెంటనే మొదలుపెట్టాల. మెట్ల కమ్మీకి కూడా కట్టుకుంటే కిందికి దిగొచ్చు. ఈడ నేర్చుకునేదానికి చాన్నాళ్ళు పట్టింది. ఈసారి తొందరగా అయిపోతాదిలే.”

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. దారి మళ్ళిస్తే ఇంకో దారిన పోతానన్నట్టు, లారీ డ్రైవర్ మాట్లాడే తీరే అది.  చేతిలో దిండ్లు కింద పెట్టేశాను.

కన్యకమ్మ తాడు పట్టుకుంది. పట్టుకుని మెల్లగా నడిచింది. వంటింటి దగ్గర తాడుకి ముడి తగిలింది.

“ఈ ముడి ఏంది?”

“ఆడ గడపుందమ్మా, కాలు ఎత్తాల. రెండు ముళ్ళుంటే స్నానాలగది. మూడుంటే పంపు.”

ఆవిడ రెండు ముళ్ళు దాటింది, మూడు ముళ్ళ దాకా పోయింది. పంపు తిప్పింది, కట్టేసింది. మళ్ళీ తాడు పట్టుకునే వెనక్కి వచ్చింది. వచ్చి ఆనంద్‌రాజ్ ఒళ్ళోంచి సుత్తి లాక్కుంది. ఇక మేకులన్నీ పీకేస్తుందనే అనుకున్నాను. దేవుడి తోడు, ఆ క్షణంలో ఆవిడ చెయ్యి పట్టుకోడానికి రెండడుగులు వేశాను కూడా.

ఆవిడ సుత్తి లూర్దుమేరి చేతిలో పెట్టింది.

“దీన్ని యాడుండేదో ఆడ పెట్టు. మూటలు విప్పు.”

లూర్దుమేరి అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. అంతసేపూ ఏడవని మనిషి.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ పెరట్లో గిన్నెల పక్కన పొన్నుతాయి నిలబడి ఉంది. అయ్యో పాపమనే ఉంది ఆమెకీ. అయినా తమిళంలో గట్టిగానే అడిగింది: “అందరి కష్టమూ చూస్తున్నారు, మరి నా పంపు సంగతేంటి? ఇద్దరు పిల్లలతో వీధి పంపు దగ్గర ఇంకెన్నాళ్ళు నిలబడను?” ఆమె అడిగిందాంట్లో తప్పేముంది? వంతు ఆమెది.

“నీకు ముందు పోర్షన్‌కే పంపు వేయిస్తాలే,” అంది కన్యకమ్మ.

“నోటిమాట వద్దు. కాగితం మీద రాసివ్వండి,” అంది పొన్నుతాయి.

బాడుగవాళ్ళలో ఆ మాట ఓనరమ్మతో అన్న మొదటి మనిషి ఆమే. నేను పమిట అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నాను. అప్పటికి పొయ్యి మీద పాలు పొంగిపోయి పొయ్యి ఆరిపోయి ఉంది. మిగిలిన పాలు కన్యకమ్మ అందరికీ తలా గ్లాసు పోసింది. ఆనంద్‌రాజ్‌ గ్లాసులో చక్కెర వెయ్యలేదు.

కన్యకమ్మే పిలిపిస్తే ఆ ఆదివారం వెంకట్రామ్ కాగితాలు తెచ్చాడు. వెనక పోర్షన్ కాగితం రాసేటప్పుడు ఎన్నాళ్ళని రాయాలో అడిగాడు. కన్యకమ్మ ఆనంద్‌రాజ్ వైపు తిరిగి, “ఎన్నాళ్ళుంటావయ్యా?” అంది. ఆ ఇంట్లో ఏ బాడుగ మనిషినీ ఆవిడ ఆ ప్రశ్న అడగగా నేను వినలేదు. అతను, మీరెంత రాస్తే అంతేనమ్మా అన్నాడు. మూడేళ్ళు రాయమంది. గడువు దాటితే మళ్ళీ రాసుకోవచ్చని వెంకట్రామ్ చేత రెండుసార్లు చెప్పించుకుంది.

మామూలుగా బాడుగ కాగితాల్లో ‘గోడలకు మేకులు కొట్టరాదు’ అని ఒక మాట ఉంటుంది. వెంకట్రామ్ అలవాటుగా అది చదివాడు. ఓనరమ్మ ఆపింది. “అది కొట్టెయ్. ఈడ రాయి: వెనక పోర్షన్లో గోడకున్న మేకులు ఎవురూ పీకకూడదు. ఓనరు కూడా.” అతను అలాగే రాశాడు, ఇలాంటి షరతు ఎక్కడా చూడలేదని నసుగుతూ.

మూడేళ్ళ కాగితం కాబట్టి రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాలి. కోర్టు మానేసినప్పటినుంచి ఆవిడ ఏ సర్కారు ఆఫీసు గడపా తొక్కలేదు. నన్ను తోడు రమ్మంది. పట్టుచీర కట్టుకుంది, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. బెంచీ మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

“ఇంద్రజా, ఇల్లు పోతాదా?”

“పోదమ్మా.”

“పోతే?”

 పోదనే మళ్ళీ చెప్పాను. పేరు పిలిస్తే లేచి వెళ్ళి, వేలిముద్రలు వేసి, సంతకం పెట్టింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని పెట్టింది. బయటికొచ్చాక హోటల్లో రెండు ఇడ్లీలు తింది. ఇంటి కాగితాన్ని వెంకట్రామ్ ఆన్‌లైన్లో కూడా నమోదు చేశాడు, నంబరు వచ్చింది. ఆ నంబరుని ఆవిడ దేవుడి పటం వెనక అంటించుకుంది.

ముందు పోర్షన్‌కి పంపు వచ్చింది. పొన్నుతాయి ఆ సంగతి కాగితంలో రాయించుకునే దాకా వదల్లేదు. మా కాగితం కూడా అయింది. మేడ మీదే ఉండిపోయిన దాన్ని నేను, కాబట్టి నాకేం దక్కలేదని వారం రోజులు మూతి ముడుచుకున్నాను. చివరికి ఓనరమ్మ వీధి గేటుకి నా పేరుతో టైలర్ బోర్డు పెట్టుకోనిచ్చింది. మేకుతో కాదు, తీగతో కట్టుకోమంది. వెనక పోర్షన్‌కిచ్చిన వరం అందరికీ ఇవ్వలేదు మరి.

ఇంకో సంగతి మిగిలింది. కాగితం చదివి వినిపించేటప్పుడు వెంకట్రామ్ ఒక మాట చెప్పాడు. బాడుగకిచ్చిన గదిలోకి ఓనరు ఊరికే వెళ్ళకూడదు, ఒకరోజు ముందు తెలియజెయ్యాలి. అది వినగానే కన్యకమ్మ, “నా ఇంట్లోకి నేను చెప్పి పోవాల్నా?” అని గొణిగింది. కానీ సంతకం పెట్టిన మనిషి కదా, తప్పదు. ఫోనులో మెసేజీ పెట్టడం రాదు. అందుకని ప్రతిరోజూ సాయంత్రం వెనక గుమ్మం బయట నిలబడి, వీధంతా వినిపించేలా పిలుస్తుంది.

“ఆనందూ! నేను కన్యకమ్మని. రేపు పొద్దున వస్తా, గోడ చూసేదానికి!”

రేపు రావడానికి ఇవాళే వచ్చి చెబుతోంది, ఇదేం చోద్యమని నేనొకరోజు ఆనంద్‌రాజ్ దగ్గర నవ్వాను. అతను పంపు దగ్గర బట్టలు పిండుతున్నాడు. నవ్వలేదు.

“కళ్ళు పోయినాక ఈ గదిలోకి ఎవురొచ్చిందీ నాకు తెలిసేది కాదక్కా. ఎవురో వచ్చి నిలబడినట్టుంటాది. ఊపిరి వినిపిస్తాది. ఎవురని అడిగితే బాగుండదని, లేనట్టే కూచునేవోణ్ణి. ఇప్పుడు ఆయమ్మ తన పేరు చెప్పి వస్తా ఉంది.”

బట్ట దులిపి దండెం మీద వేసి, తాడు పట్టుకుని లోపలికి వెళ్ళాడు. ఆ రోజునుంచి నేను కూడా ఆ గుమ్మం దగ్గర నా పేరు చెప్పే లోపలికి వెళ్తున్నాను.